అమ్మ మోతాదు

మా అమ్మకు ఎనభై ఏళ్లు నిండిన వారంలో ఆమె వేసుకునే మాత్ర మోతాదు సగానికి తగ్గింది. అంతకు ముందు రోజు వరకు ఉదయం 5 మిల్లీగ్రాములు, రాత్రి 5 మిల్లీగ్రాములు. ఆ రోజు నుంచి పూటకు 2.5. ఆ వారంలో ఆమె ఒంట్లో కొత్తగా వచ్చిన మార్పు ఏదీ లేదు. రక్త పరీక్షలో అంకెలు మారలేదు, బరువు మారలేదు, గుండె తీరు మారలేదు. మారినదల్లా వయసు ఒక్కటే. రక్తం గడ్డకట్టకుండా వాడే మందు విషయంలో ఇటువంటి నిర్ణయం జరుగుతుందని అంతకు ఆరేళ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. మాత్ర అంటే డాక్టరు చీటీ మీద ఒకసారి రాసినంత ఎప్పటికీ వేసుకోవడమేనని అప్పటికి నా అవగాహన. ఆ ఆరేళ్లలో ఆమె మోతాదు ఎన్నిసార్లు మారిందో, ఎందుకు మారిందో, మార్చకూడని చోట మార్చమని నేనే ఎలా పట్టుబట్టానో ఇక్కడ రాస్తున్నాను.

2012లో అమ్మకు 74 ఏళ్లు. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రిపూట గుండె దడ. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. గుండె పైగదులు లయగా ముడుచుకోకుండా వణుకుతూ ఉండటం వల్ల, అక్కడ, ముఖ్యంగా ఎడమ పైగదికి సంచిలా అతుక్కొని ఉండే ఒక మూలలో, రక్తం నిలిచి గడ్డ కట్టే అవకాశం ఉంటుందనీ, ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుందనీ డాక్టర్ గారు వివరించారు. అందరికీ ఒకే ప్రమాదం ఉండదట. వయసు, రక్తపోటు, మధుమేహం, గుండె బలహీనత, ఇదివరకు వచ్చిన పక్షవాతం, రక్తనాళాల జబ్బు, స్త్రీయా పురుషుడా అన్నవి కూడి ఒక లెక్క కడతారు. ఆ లెక్కలో అమ్మకు మూడు వచ్చాయి: 65 దాటినందుకు ఒకటి, రక్తపోటుకు ఒకటి, స్త్రీ అయినందుకు ఒకటి. మందు మొదలుపెట్టడానికి అది చాలన్నారు. గుండె స్కానులో కవాటాలు బాగానే ఉన్నాయి. అప్పటికి కొత్త మందులు ఇంకా విరివిగా వాడుకలోకి రాలేదు కాబట్టి, రక్తం గడ్డకట్టకుండా చూసే పాత మందు వార్ఫరిన్ రాశారు.

చీటీ రాయడానికి ముందు ఆయన వేసిన ప్రశ్నలు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, చికిత్సలో సగం. కడుపులో పుండ్లు ఎప్పుడైనా వచ్చాయా, తరచుగా పడిపోతున్నారా, కీళ్ల నొప్పులకు ఏమి మింగుతున్నారు, ఎవరైనా చెప్పిన మూలికలేవైనా వాడుతున్నారా, ఆకలి ఎలా ఉంది. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. చివరకు రోజుకు 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. పక్క గదిలో అమ్మకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడైన మరో రోగికి అదే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారని విని, అమ్మకు తక్కువ రకం వైద్యం చేస్తున్నారేమో అని కాస్త అనుమానపడ్డాను కూడా. వయసు పైబడినవారికి, బరువు తక్కువ ఉన్నవారికి, కాలేయమో గుండెనో బలహీనంగా ఉన్నవారికి వార్ఫరిన్ తక్కువ సరిపోతుందని తరువాత తెలిసింది. కొంత పుట్టుకతోనూ వస్తుంది. ఈ మందును శరీరంలో విరిచే ఎంజైము ఒకటి, ఈ మందు పనిచేసే చోటైన ఎంజైము మరొకటి, రెండింటి జన్యువుల్లోనూ మనిషికీ మనిషికీ తేడాలున్నాయి. అందువల్ల ఒకరికి రోజుకు 1 మిల్లీగ్రాము చాలితే, మరొకరికి 10 వేసినా చాలకపోవచ్చు.

మోతాదు సరిపోయిందా లేదా అన్నది ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్ష చెబుతుంది. మందు వాడని మనిషికి అది 1 చుట్టూ ఉంటుంది. అమ్మకు 2కూ 3కూ మధ్య ఉండాలి. లోహపు కృత్రిమ కవాటం, అందులోనూ మిట్రల్ స్థానంలో, ఉన్నవారికి ఇంకా పైన, 2.5 నుంచి 3.5 వరకు ఉంచుతారు. అంటే చేరవలసిన గమ్యం కూడా రోగిని బట్టే ఉంటుంది. 2 కన్నా తగ్గితే గడ్డ కట్టే భయం, పైకి పోతే రక్తస్రావం భయం.

నాలుగో రోజు పరీక్షలో 1.3 వచ్చింది. వెంటనే మోతాదు పెంచమని అడిగాను. డాక్టర్ గారు పెంచలేదు. వార్ఫరిన్ రక్తాన్ని నేరుగా ఏమీ చేయదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రోటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఆ తయారీకి వార్ఫరిన్ అడ్డుపడుతుంది. అప్పటికే తయారై రక్తంలో తిరుగుతున్న సరుకు అయిపోవాలి కదా. ఆ ప్రోటీన్లలో ఒకటి కొన్ని గంటల్లోనే సగానికి తగ్గుతుంది, అతి ముఖ్యమైన ప్రోథ్రాంబిన్ సగానికి తగ్గడానికి రెండున్నర రోజులకు పైగా పడుతుంది. ఈరోజు పరీక్షలో కనిపించే అంకె ఈరోజు మాత్రకు జవాబు కాదు, గడచిన మూడు నాలుగు రోజుల మాత్రలకు జవాబు. ఆ సంగతి తెలియక ప్రతి అంకెకూ మోతాదు మారుస్తూ పోతే, వారం తిరిగేసరికి అన్ని పెంపుదలలూ ఒక్కసారి మీద పడతాయి.

ఎనిమిదో రోజున 1.7. అప్పుడు వారానికి 21 మిల్లీగ్రాములను 23కు పెంచారు: ఐదు రోజులు 3, రెండు రోజులు 4. ఇంత చిన్న పెంపుతో ఏమవుతుందని నాకు అనిపించింది. వార్ఫరిన్ మోతాదును రోజు లెక్కన కాక వారం లెక్కన చూస్తారనీ, మార్పు సాధారణంగా వారం మొత్తంలో 5 నుంచి 20 శాతం లోపే ఉంటుందనీ అప్పుడే తెలిసింది. మరో పది రోజులకు 2.4 వచ్చింది. ఒక నోటు పుస్తకం కొని తేదీ, ఆ రోజు వేసిన మాత్ర, ఐ.ఎన్.ఆర్. అని మూడు గడులు గీశాను. మూడు గడులు చాలవని తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాది చివర అమ్మకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. మా డాక్టర్ గారు ఊళ్లో లేకపోవడంతో దగ్గరలో ఉన్న మరొకరి వద్దకు తీసుకువెళ్లాను. జ్వరం, మంట అని చెప్పాను. వార్ఫరిన్ సంగతి చెప్పలేదు. ఆయన అడగలేదు, నాకు తట్టలేదు. కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఇన్ఫెక్షన్‌కు అది మంచి మందే. కానీ వార్ఫరిన్‌ను విరిచే ఎంజైముకు అది అడ్డుపడుతుంది. దానికి తోడు జ్వరం వల్ల అమ్మ నాలుగు రోజులుగా సరిగా తినలేదు, అంటే లోపలికి వెళ్లే విటమిన్ కె కూడా తగ్గిపోయింది. ఐదో రోజు ఉదయం పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి వచ్చిన రక్తం ఆగడానికి చాలాసేపు పట్టింది. ముంజేతి మీద, ఎక్కడా తగిలినట్లు గుర్తు లేకుండానే, అరచేయంత నల్లటి మచ్చ. ఐ.ఎన్.ఆర్. 6.4.

ఆ రోజు నేను భయపడినంతగా డాక్టర్ గారు భయపడలేదు, అలాగని తేలికగానూ తీసుకోలేదు. తలనొప్పి, నల్లటి విరేచనం, మూత్రంలో రక్తం, పడిపోవడం ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగారు. ఏవీ లేవు. యాంటీబయాటిక్ మార్చి, రెండు రోజులు వార్ఫరిన్ ఆపించి, మరునాడే మళ్లీ పరీక్ష చేయించారు. విరుగుడుగా విటమిన్ కె ఇవ్వరా అని అడిగితే, పెద్ద రక్తస్రావం లేనప్పుడు దాన్ని ఎక్కువగా ఇస్తే అంకె ఒక్కసారిగా కిందికి పడిపోయి, తరువాత చాలా రోజులు వార్ఫరిన్‌కు లొంగదని చెప్పారు. మూడో రోజుకు 2.9కి దిగింది. ఇక్కడ నేను మరో పొరపాటు ఊహ చేశాను: ఇంత పెరిగింది కాబట్టి ఇకమీదట మోతాదు బాగా తగ్గిస్తారనుకున్నాను. ఆయన మళ్లీ అదే 23 మిల్లీగ్రాములకు తీసుకువచ్చారు. అంకె పెరగడానికి కారణం మోతాదు కాదు, వచ్చి పోయిన ఇన్ఫెక్షన్, వచ్చి పోయిన యాంటీబయాటిక్, కొన్నాళ్లు మూసుకున్న ఆకలి. కారణం తాత్కాలికమైతే శాశ్వతమైన మోతాదును కదిలించకూడదట. నా నోటు పుస్తకంలో ఆ రోజే 'ఇతర మందులు', 'ఒంట్లో ఎలా ఉంది' అని మరో రెండు గడులు చేరాయి.

విటమిన్ కె మాట విన్నాక నేను అతి తెలివికి పోయాను. ఆకుకూరల్లో అది ఎక్కువగా ఉంటుందని తెలుసుకొని, అమ్మకు వాటిని పూర్తిగా మాన్పించాను. నెల తిరిగేసరికి ఐ.ఎన్.ఆర్. 3.4. డాక్టర్ గారు నవ్వి, ఆమెను తిననివ్వండి, ఒక వారం కుప్పలుగా, ఒక వారం అసలే లేకుండా కాకుండా ఎప్పుడూ తినేటంత తినడం ముఖ్యం, ఆమె తినే తిండికి తగినట్లు మాత్ర సర్దడం నా పని అన్నారు. అమ్మ ఈ తీర్పును చాలా రోజులు నాకు గుర్తుచేసింది.

ఇన్ని సంగతుల్లోనూ నన్ను ఎక్కువగా కదిలించినది వేరే ఉంది. మరుసటి ఏడాది, మూడు పరీక్షలు వరుసగా తక్కువ వచ్చాయి: 1.8, 1.6, 1.5. కొత్త మందులు లేవు, తిండి మారలేదు, జ్వరం లేదు. మాత్రలు క్రమంగా వేస్తున్నారా అని డాక్టర్ గారు అడిగితే, నేనే చేతికి ఇస్తున్నాను అని గట్టిగా చెప్పాను. అలా అయితే పెంచుదాం అన్నారు, పెంచారు. నాలుగు రోజుల తరువాత అమ్మ కళ్లజోడు కాలు విరిగితే, పాత జోడు కోసం ఆమె కళ్లజోడు పెట్టె తెరిచాను. లోపల తుడిచే గుడ్డ కింద పదకొండు మాత్రలు.

అమ్మను మందలించాలని పోయినదాన్ని, ఆమె చెప్పింది విని ఊరుకున్నాను. పరిచయస్తురాలు ఒకామె అది ఎలుకల మందు అని చెప్పిందట. నన్ను అడిగితే బాధపడతానని అడగలేదట. చేతి మీద మచ్చలు కనిపించినప్పుడల్లా రెండు రోజులు ఆపి, మచ్చ పోయాక మళ్లీ వేసుకుంటోంది. ఆ పరిచయస్తురాలు చెప్పినది అబద్ధం కాదు, అదే చిక్కు. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చనిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని నుంచి తయారైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకలను చంపడానికే అమ్మారు. ఆ పేరులోని మొదటి అక్షరాలు కూడా ఆ విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థుల పరిశోధన సంస్థ పేరు నుంచి వచ్చినవే. 1954లో మనుషులకు మందుగా అనుమతి లభించింది. ఇదంతా అమ్మకు దాచకుండా చెప్పాను. ఎలుకను చంపేదీ నిన్ను కాపాడేదీ ఒకటే పదార్థం, తేడా అంతా ఎంత అన్నదానిలోనే ఉంది, అందుకే ఇన్నిసార్లు రక్తం తీసి చూస్తున్నాం అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, 'మరి ఆ మాట ముందే చెప్పొచ్చుగా' అంది.

డాక్టర్ గారికి వెంటనే ఫోన్ చేశాను. పెంచిన మోతాదును ఆయన ఆ రోజే రద్దు చేశారు. అమ్మ భయం పోయి పెంచిన మోతాదును క్రమంగా వేసుకొని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ కలవరపాటే. పరీక్ష తప్పు చెప్పలేదు, డాక్టర్ గారి లెక్క తప్పు కాదు. నేను ఇచ్చిన జవాబు తప్పు. 'నేనే చేతికి ఇస్తున్నాను' అన్నది నిజమే కానీ, ఆయన అడిగిన ప్రశ్న అది కాదు.

2015లో గుండె వేగం అదుపులో లేక అమియోడరోన్ చేర్చారు. ఈసారి అంకె పెరిగేదాకా ఆగలేదు. అమియోడరోన్ మొదలుపెట్టిన రోజునే వార్ఫరిన్‌ను వారానికి 23 నుంచి 17కు ముందుగానే తగ్గించి, రెండు నెలలపాటు వారం వారం పరీక్ష చేయించారు. అమియోడరోన్ శరీరంలో మెల్లగా పేరుకుంటుంది కాబట్టి దాని ప్రభావం వారాల తరబడి పెరుగుతూ పోతుంది. చివరకు 15 వద్ద నిలిచింది. ఏడాది తరువాత థైరాయిడ్ దెబ్బతిన్నదని ఆ మందును ఆపినప్పుడు అసలు ఇబ్బంది మొదలైంది. ఆపినా అది ఒంట్లో నెలలపాటు ఉంటుంది, కొంచెం కొంచెంగా వెళ్లిపోతుంది. అది వెళ్లిపోయేకొద్దీ వార్ఫరిన్ చాలకుండా పోతుంది. మరోవైపు థైరాయిడ్ మందు సర్దుబాటు అవుతోంది, అది కూడా ఈ అంకెను కదిలిస్తుంది. ఆ ఏడాది చేసిన 18 పరీక్షల్లో 2కూ 3కూ మధ్య వచ్చినవి 9 మాత్రమే. వార్ఫరిన్ వాడేవారు కనీసం 65 శాతం, వీలైతే 70 శాతం కాలం ఆ హద్దుల్లో ఉండాలని వైద్యుల మార్గదర్శకాలు చెబుతాయి. ఇక మందు మారుద్దాం అన్నారు డాక్టర్ గారు.

2017లో ఎపిక్సబాన్ అనే కొత్త తరం మందుకు మారాము. వార్ఫరిన్ ఆపి, ఐ.ఎన్.ఆర్. 2 కన్నా కిందికి దిగేదాకా ఆగి, మూడో రోజు 1.8 వచ్చాక మొదటి మాత్ర వేశాము. ఇక ఐ.ఎన్.ఆర్. అక్కరలేదు అనగానే అమ్మ సంతోషించింది. నేను మాత్రం చీటీ చూసి తగువు పెట్టుకున్నాను. రోజుకు రెండు పూటలు, పూటకు 5 మిల్లీగ్రాములు. అది పూర్తి మోతాదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, 58 కిలోలు, చేతి మీద మచ్చలు చూసినదాన్ని. 2.5 మాత్ర కూడా ఉందని తెలుసుకొని, అది ఇవ్వండి, కొంచెం తక్కువైనా క్షేమం కదా అని పట్టుబట్టాను.

ఆయన కాగితం మీద మూడు ప్రశ్నలు రాశారు. వయసు 80 గానీ అంతకు మించి గానీ ఉందా? బరువు 60 కిలోలు గానీ అంతకు లోపు గానీ ఉందా? కండ నుంచి పుట్టి మూత్రపిండాల ద్వారా బయటికి పోయే క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో 1.5 గానీ అంతకు పైన గానీ ఉందా? ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఈ మూడింటిలో కనీసం రెండు ఉంటేనే ఎపిక్సబాన్‌ను సగానికి తగ్గిస్తారు. అమ్మకు ఉన్నది ఒకటే, బరువు. 2011లో ప్రచురితమైన ఎరిస్టాటిల్ అనే పరిశోధనలో 18,201 మందిని చేర్చి, ఈ నియమాన్నే పాటించి మందును పరీక్షించారు. ఒక్క కారణం ఉన్నవారికి సగం మాత్ర ఇచ్చి అందులో పరీక్షించలేదు. మీరు అడుగుతున్నది తక్కువ మోతాదు కాదు, పరీక్షకు నిలబడని మోతాదు అన్నారాయన. రక్తస్రావం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దానికి భయపడతాం, కట్టకుండా ఆగిన గడ్డ ఎవరికీ కనిపించదు అని కూడా అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

అయితే ఆ కాగితం నాకు మరో సంగతి నేర్పింది. అమ్మ క్రియాటినిన్ 1.1, ల్యాబ్ వారి రిపోర్టులో దాని పక్కన ఏ గుర్తూ లేదు. మూత్రపిండాలు బాగున్నాయనే నేను అనుకుంటూ వచ్చాను. డాక్టర్ గారు కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ప్రకటించిన సూత్రం ప్రకారం మూత్రపిండాల వడపోత ఎంతో లెక్క వేసి చూపించారు. 140 నుంచి వయసును తీసివేసి, బరువుతో గుణించి, 72ను క్రియాటినిన్‌తో గుణించగా వచ్చినదానితో భాగించాలి. స్త్రీలకైతే మళ్లీ 0.85తో గుణించాలి. అమ్మకు నిమిషానికి 38 మిల్లీలీటర్లు వచ్చింది. అదే 1.1 క్రియాటినిన్ ముప్పై ఏళ్ల, 80 కిలోల మగవాడికి ఉంటే 111 వస్తుంది. కండ తక్కువ ఉన్న వృద్ధురాలిలో క్రియాటినిన్ పుట్టడమే తక్కువ, అందువల్ల మూత్రపిండం మందగించినా అంకె అమాయకంగా కనిపిస్తుంది. ఆరోగ్య పరీక్షల కాగితాల్లో నేను చూసిన మోసకారి అంకె ఇదే.

అదే 38తో నాలుగు కొత్త మందులకు నాలుగు తీర్పులు వస్తాయి. ఎపిక్సబాన్ నియమం ఆ 38ని అడగదు, క్రియాటినిన్‌ను అడుగుతుంది, కాబట్టి పూర్తి మోతాదే. రివరోక్సబాన్ అయితే 20కి బదులు 15 మిల్లీగ్రాములు, అదీ భోజనంతోనే. ఎడోక్సబాన్ అయితే 60కి బదులు 30. డాబిగాట్రాన్‌లో దాదాపు 80 శాతం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి ఆ మందును అమ్మకు ఎంచుకోవడానికే ఆయన ఇష్టపడలేదు. ఒక మందు నియమాన్ని తెచ్చి మరొక మందుకు అతికించే వీలు లేదు. మా బంధువు ఒకాయన తాను రోజుకు ఒకే మాత్ర వేసుకుంటున్నాను, మీ అమ్మకు రెండెందుకు అని అడిగినప్పుడు, ఈ సంగతి చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఐ.ఎన్.ఆర్. పోయినంత మాత్రాన పరీక్షలు పోలేదు. మూత్రపిండాల వడపోత 60 కన్నా తక్కువ ఉంటే, ఆ అంకెను 10తో భాగించగా వచ్చినన్ని నెలలకు ఒకసారి రక్త పరీక్ష చేయించాలని ఒక వాడుక లెక్క ఉంది. అమ్మకు సుమారు నాలుగు నెలలు. మొదటి నాలుగు నెలలూ నిండకముందే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు క్రియాటినిన్ 1.7. బరువు ఎలాగూ 60 లోపు. అంటే మూడింటిలో రెండు. ఇప్పుడైనా సగం చేస్తారా అని అడిగాను. ఆయన ఆ రోజు సెలైన్ ఎక్కించి, రక్తస్రావం లక్షణాలు లేవని చూసుకొని, మూడు రోజుల తరువాత మళ్లీ పరీక్ష చేయించారు. 1.2 వచ్చింది. నిలకడగా ఉన్న అంకెను బట్టి మోతాదు, కుదుపులో వచ్చిన అంకెను బట్టి కాదు. 6.4 వచ్చిన రోజున విన్న పాఠమే, మందు మారినా మారలేదు. ఆ కుదుపుకు కారణం వెతికితే, వాంతులకు ముందు వారం నుంచి మోకాలి నొప్పికి అమ్మ డైక్లోఫెనాక్ వేసుకుంటోందని బయటపడింది. మూత్రపిండాన్నీ కడుపునూ ఒకేసారి దెబ్బతీసే ఆ మాత్ర ఆనాటి నుంచి మా ఇంట్లో లేదు.

ఇక ఎనభయ్యో పుట్టినరోజు. 2018లో ఆ నెల దగ్గరపడుతుండగా నేనే డాక్టర్ గారికి గుర్తుచేశాను. ఆయన కంప్యూటర్‌లో చూసి, ఇంకా రెండేళ్లు ఉంది కదా అన్నారు. ఆసుపత్రి రికార్డులో ఉన్నది కాగితాల మీది పుట్టిన తేదీ, 1940. ఇంట్లో అందరికీ తెలిసినది 1938. బడిలో చేర్చినప్పుడు ఎవరో ఏదో రాయించగా అదే నిలిచిపోయింది. ఇన్నేళ్లూ ఆ తేడా ఎవరికీ అడ్డు రాలేదు. వడపోత లెక్కలో కూడా రెండేళ్ల తేడాకు 38, 39 అయ్యేది, అంతే. ఈ ఒక్క నియమంలో మాత్రం ఆ రెండేళ్లు మాత్రను రెండు ముక్కలు చేస్తాయి. రుజువు ఏమిటని ఆయన అడిగారు, న్యాయమే. మా మామయ్య అమ్మకు తమ్ముడు; ఆయన పుట్టుక మాత్రం ఆసుపత్రిలో సరిగా నమోదైంది, అదీ 1940లోనే. అమ్మ కాగితాన్ని నమ్మితే అక్కాతమ్ముళ్లకు నాలుగు నెలలే తేడా. ఆ కాగితం చూపించగానే డాక్టర్ గారు నవ్వును ఆపుకోలేకపోయారు. రికార్డులో వయసు పక్కన అసలు సంవత్సరం రాసి, 2.5 మిల్లీగ్రాములు, రెండు పూటలు అని కొత్త చీటీ రాశారు. అంతకు ముందు ఏడాది నేను పట్టుబట్టి అడిగిన మోతాదే అది. అప్పుడు అది పొరపాటు, ఇప్పుడు అదే సరైనది.

ఆ తరువాత నాలుగేళ్లలో మోతాదు మారలేదు, అంకెలు మాత్రం మారుతున్నాయి. 2022లో అమ్మకు 84 ఏళ్లు, 54 కిలోలు, క్రియాటినిన్ 1.3. వడపోత లెక్క వేస్తే 27 వచ్చింది, కాబట్టి పరీక్షల ఎడం నాలుగు నెలల నుంచి మూడుకు తగ్గించారు. నోటు పుస్తకం ఇప్పుడు మూడోది. అందులో వయసు, బరువు, క్రియాటినిన్, వడపోత, ఇతర మందులు, పడిపోవడాలు, మచ్చలు అని ఏడు గడులున్నాయి. బరువు చూసే రోజున అమ్మ చెప్పులు విడిచి, శాలువా తీసి, చివరికి కళ్లజోడు కూడా తీసి నా చేతికిచ్చి తూకం మీదికి ఎక్కుతుంది. ఆ జోడును పెట్టెలో పెట్టేటప్పుడు నేను గుడ్డ ఎత్తి చూస్తాను. ఆమె చూసీ చూడనట్లు ఊరుకుంటుంది.